నాలుగు వందల పదకొండున్నర చావులు, ఒక దెబ్బ

ఆ రోజుల్లో నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు డెబ్బై నాలుగు నడుస్తోంది కనుక దాన్ని నా కుర్రతనం కిందే లెక్కేస్తాను. మోకాళ్లు పనిచేసేవి, నా తీర్పుల మీద నాకు నమ్మకం ఉండేది. (ఇప్పుడు రెండూ వాతావరణాన్ని బట్టి.) ముప్పై మూడేళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరై, నల్లగండ్లలో మా అమ్మాయి ఫ్లాటుకు చేరాను. పదకొండో అంతస్తు. పొద్దున ఎనిమిదింటికి తొమ్మిదో తరగతి మనవరాలు బడికి, తొమ్మిదిన్నరకు అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్లిపోతే, సాయంత్రం నాలుగూ నలభై దాకా నాతో మాట్లాడేది లిఫ్టు ఒక్కటే. అదీ అంతస్తు నంబరు చెప్పి ఊరుకునేది.

మనవరాలు బడి నుంచి రాగానే చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని తుపాకుల ఆటకు కూర్చునేది. ఒక ఆదివారం మా అల్లుడు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏదో చదివి, "గిట్లాంటి ఆటలాడే పిల్లలు రేపు నిజంగనే మనుషుల్ని కొడ్తరంట, అత్తమ్మా. దసరా సెలవులైనంక నిజాంపేట హాస్టల్ల వేస్తా" అన్నాడు. ఆ పిల్ల కూడా వెళితే నాకిక లిఫ్టే గతి. అది పైకి చెబుతానా? "రుజువు లేకుండా శిక్షేమిటి బాబూ? నలభై రోజులు గడువివ్వండి, లెక్క తేలుస్తాను" అన్నాను. "అమ్మకు మళ్లీ ఉద్యోగమొచ్చింది" అని మా అమ్మాయి లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే నవ్వింది.

నోటుబుక్కులో రెండు నిలువు గళ్లు గీశాను. ఒకటి ఆటలో చంపినవాళ్లు, రెండోది ఇంట్లో దౌర్జన్యం. రోజూ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చునేదాన్ని.

"ఎంతమంది?"

"ఆరుగురు, అమ్మమ్మా."

"నేను చూసింది అయిదుగురినే."

"ఒకడు మా దోస్తు గ్రెనేడ్‌కు పోయిండు. నేను సగమే కొట్టిన."

"అయితే అయిదున్నర."

"ఏంది అమ్మమ్మా, చావులల్ల కూడా అరమార్కా!"

ముప్పై రోజులకు దౌర్జన్యం గడిలో పడినవి తలుపు విసురుగా వేయడాలు మూడు. (అందులో ఒకటి గాలి పని.) ముప్పై ఒకటో రోజు, మంగళవారం, లిఫ్టు కూడా పాడైంది. పొద్దున అందరూ వెళ్లాక ఒక్క గొంతూ వినలేదు. పిల్ల తింటుందని ఓళిగలు చేసి మూతపెట్టి కూర్చున్నాను. పిల్ల వచ్చింది, హెడ్‌సెట్ పెట్టుకుంది. మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి పిలవలేదు. గీతలు గీసే చెక్క స్కేలుతో చేతి మీద ఒక్కటి వేశాను. పిల్ల ఏడవలేదు. హెడ్‌సెట్ తీసి, ఎర్రబడిన చేతిని చూసుకుని, "అమ్మమ్మా, దీన్ని ఏ గడిల రాస్తవ్?" అంది.

నలభయ్యో రోజు అందరినీ హాల్లో కూర్చోబెట్టాను. ఆ దెబ్బ రాసిన ఒక్క వరుస చదివితే, "చూసిన్రా, అంతా ఆట వల్లనే" అని అల్లుడు పిల్లను పంపించేస్తాడు. దాటేస్తే అడిగేవారు లేరు. కానీ ఏ పరీక్ష పేపర్లోనూ చెయ్యని పని ఇప్పుడెలా చేస్తాను? చదివాను. "ఆటలో చంపినది నాలుగు వందల పదకొండున్నర. ఇంట్లో దెబ్బ ఒకటి. కొట్టినది అమ్మమ్మ."

అల్లుడు నోటుబుక్కు తీసుకుని ఆ వరుస తనే చదువుకున్నాడు. "అంతమందిని చంపిన పిల్ల ఎవర్నీ కొట్టలే. చీమను కూడ చంపని మీరు కొట్టిన్రు. ఎందుకు అత్తమ్మా?"

"పిలిస్తే పలకలేదు" అన్నాను.

మా అమ్మాయి లాప్‌టాప్ మూసేసింది. అల్లుడు నోటుబుక్కు తిరిగిచ్చి, "ఈ లెక్కన హాస్టల్ల వేస్తే మిమ్మల్నే వెయ్యాలె" అన్నాడు. హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు మనవరాలు ఆ ఆటను నా ఫోన్‌లో కూడా వేసింది. మొదటి నిమిషంలోనే తూటా తగిలి పడిపోయాను. "కదలకు అమ్మమ్మా, వస్తున్న!" అంటూ తుపాకుల మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి నన్ను లేపింది. ఆ ఆటలో అదొక సదుపాయం: పడినవాళ్లను మనవాళ్లెవరైనా వచ్చి లేపవచ్చు.

ఇప్పుడు మనవరాలు పుణెలో చదువుతోంది. ఆదివారం సాయంత్రం అయిదింటికి ఇద్దరం ఆటలో కలుస్తాం. ఆరేళ్ల అభ్యాసం, తూటాలు తప్పించుకోవడం నాకు బాగానే వచ్చు. అయినా అప్పుడప్పుడు గోడ చాటు వదిలి మైదానం మధ్యలోకి వెళ్లి నిలబడతాను. నోటుబుక్కులో మాత్రం "పొరపాటున పడ్డాను" అని రాసుకుంటాను. నా జన్మలో రాసిన తప్పుడు లెక్క అదొక్కటే.