జంపక్క చేతికి సరిపోని పట్టీ

భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ గిరిజన బాలికల హాస్టల్‌ను తనిఖీ చేయడానికి 2006 వానాకాలంలో ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. కారులోంచి ముందు పొట్ట దిగింది, దాని వెనక ఆయన దిగాడు. నేరుగా వంటగదిలోకి వెళ్లి పప్పు గిన్నెలో గరిటె తిప్పాడు. నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు.

"ఇంత సరుకు ఇస్తున్నాం కదమ్మా, ఎటు పోతోంది?" అని వార్డెన్ పుష్పలతను నిలదీశాడు.

పుష్పలత, పొయ్యి దగ్గర నిలబడ్డ వంటమనిషి జంపక్క వైపు కళ్లు తిప్పి చిన్నగా నవ్వింది. ఆఫీసరు జంపక్కను కిందనుంచి పైదాకా చూశాడు.

"అర్థమైంది, అర్థమైంది!" అని ఒకటే నవ్వు. ఆయన నవ్వితే వెంట వచ్చినవాళ్లు నవ్వకుండా ఉంటారా? విచారణ అంతటితో అయిపోయింది.

హాస్టల్ కందిపప్పు మధ్యాహ్నం పూట ఆటో ఎక్కి ఎక్కడికి పోతుందో ఆ ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. అయితే పుష్పలత చువ్వలా సన్నగా ఉంటుంది. తిండి దొంగలు లావుగానే ఉంటారని దొరల నమ్మకం.

జంపక్క మొదటినుంచీ అంత లావు మనిషేమీ కాదు. పెళ్లికి ముందు తునికాకు కోతకు గుట్టలెక్కి దిగింది. ఇప్పపూలు ఏరింది. జొన్నగటక తాగి పెరిగింది. హాస్టల్లో కొలువు దొరికాక ఆ నడక పోయింది. తెల్లారితే పొయ్యి, పొద్దు గూకితే పొయ్యి. పిల్లలంతా తిన్నాక గిన్నె అడుగున మిగిలిన తెల్లన్నమే ఆమె తిండి. రెండో కాన్పు తర్వాత ఒళ్లు పెరగడం మొదలైంది, మళ్లీ ఆగలేదు. వాళ్లమ్మదీ అదే ఒళ్లు. మోకాళ్లు పట్టేశాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జ్వరాలతో ఎండిపోయిన మనుషుల మధ్య ఆమె లావు ఊరికి వేడుకైంది. "నీకేంది జంపక్కా, తిన్నది ఒంటబట్టింది" అనేవాళ్లే గాని, ఇదీ ఒక జబ్బేనని ఒక్కరికీ తోచలేదు.

సర్కారు దవాఖానా నుంచి ఆరోగ్యం బాగుందని సర్టిఫికెట్ తెస్తేనే కొలువుంటుందని ఆ వారంలోనే పుష్పలత తేల్చి చెప్పింది. భర్త బొజ్జయ్యను వెంటబెట్టుకుని జంపక్క దవాఖానాకు వెళ్లింది.

అక్కడ బరువు చూసే మిషనెక్కితే ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంది.

"చింతపండు జోకే కాంట మీద నిలబెట్టుండ్రి, ఆడనైతే తేలుతది" అన్నాడు అక్కడి ఉద్యోగి. వరుసలో ఉన్న రోగులు తమ రోగాలు మరిచిపోయి నవ్వారు. నర్సు సుజాత కూడా చేతిలోని ట్రే అడ్డం పెట్టుకుని నవ్వింది. బొజ్జయ్య తల వంచుకున్నాడు. జంపక్క వంచలేదు.

డాక్టరు కొత్తగా వచ్చిన కుర్రాడు. ఆ కుర్చీ ఆమెను మోస్తుందా లేదా అని చూశాడే గాని, మనిషిని చూడలేదు.

"తల పగిలిపోతది సారూ. కండ్లు మసకలొస్తయి. పండుకుంటే దమ్మాడదు" అంది జంపక్క.

"తిండి తగ్గించు, అన్నీ పోతాయి."

బీపీ చూసే పట్టీ ఆమె చేతికి చుట్టబోయాడు. అంచులు కలవలేదు. ఒకటికి రెండుసార్లు లాగి చూసి, విసుగ్గా బల్ల మీద పడేసి, "బీపీ నార్మల్" అని గొణుక్కుంటూ చీటీ మీద రాయబోయాడు.

"చూడకుండనే ఏం రాస్తున్నవ్ సారూ?"

"పట్టీ సరిపోవట్లేదమ్మా! నన్నేం చేయమంటావు?"

"నీ పట్టీ పొట్టిదైతే నా పానం మంచిగున్నట్టా? రోగం చూసేటందుకు కూసున్నవా, నా ఒళ్లు చూసి నవ్వేటందుకా?"

ఆ గొంతు బయటి వరుసదాకా వినిపించింది. సుజాత లోపలికి వచ్చింది. బల్ల మీద పడి ఉన్న పట్టీని చూసింది. వెళ్లి, ఆపరేషన్ గది బీరువాలోంచి తొడకు చుట్టే పెద్ద పట్టీ తెచ్చింది. దుమ్ము దులిపి జంపక్క చేతికి చుట్టి గాలి కొట్టింది. ఒకసారి చూసి, నమ్మలేక మళ్లీ చూసింది.

"సార్, మీరొకసారి చూడండి."

డాక్టరు చూశాడు. కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. "ఇంత బీపీతో ఎట్లా నడిచొచ్చావమ్మా?" అని అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు.

ఆ పూటే మంచమిచ్చి చేర్చుకున్నారు. చక్కెర జబ్బూ బయటపడింది. ఇంకొన్నాళ్లు ఆగితే పక్షవాతమో, అంతకు మించిందో వచ్చేదన్నారు. ఇంటికి పంపేటప్పుడు ఏం తినాలో చదివి చెప్పారు. ఆపిల్ పళ్లట, ఓట్సట.

"ఓట్లా? అవి మా ఊరికి అయిదేండ్లకోపారి వస్తయి బిడ్డా" అంది జంపక్క. సుజాత నవ్వు ఆపుకోలేకపోయింది. ఈసారి జంపక్క కూడా నవ్వింది.

ఈలోగా హాస్టల్లో పుల్లలాంటి వంటమనిషిని పెట్టారు. పప్పు మాత్రం చిక్కబడలేదు. పిల్లల తల్లులు గిన్నెలు పట్టుకుని రోడ్డు మీద కూర్చుని, మళ్లీ తనిఖీకి వచ్చిన ఆఫీసరు కారు కదలనివ్వలేదు. పుష్పలతను బదిలీ చేశారు, ఇంకా ఎక్కువ సరుకు వచ్చే పెద్ద హాస్టల్‌కు. సర్కారు వారు వేసే శిక్షలు అలాగే ఉంటాయి.

కొత్త వార్డెన్ జంపక్కను పిలిపించింది. కూర్చుని కూరగాయలు తరిగేందుకు గట్టి బల్ల కావాలని అడిగి వేయించుకుని మరీ పనిలో చేరింది జంపక్క. మాత్రలు మానలేదు. అన్నం తగ్గించి జొన్నగటకకు మళ్లింది. పొద్దున్నే బొజ్జయ్యతో వాగుదాకా నడుస్తుంది. మోకాళ్ల నొప్పి పోలేదు. ఒళ్లు కొంత తగ్గింది గాని, చూసేవాళ్ల కళ్లు చల్లబడేంత కాదు.

ఒకనాడు బస్టాండులో తెలిసినావిడ ఎదురై, "దవాఖానల చుట్టూ తిరుగుతున్నవట, ఇంకా గట్లనే ఉన్నవేందే?" అని ఎగాదిగా చూసింది.

"బతికున్న గదా, అక్కా" అంది జంపక్క. బొజ్జయ్య తెచ్చిన చక్కెరలేని చాయ్ నిదానంగా తాగి, బస్సెక్కింది.