హార్లన్ తూటా ఎందుకు తప్పింది

మా లోయలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. హార్లన్ విక్ ఇంట్లో నింపుకునే తూటాలు మంచివి కావట, ఎటు పడితే అటు పోతాయట. అందుకే అతని బావ డ్వేన్ వేటకాలం మొదలవకముందే గడ్డి పొలాలు అమ్ముకుని, పెళ్ళాన్ని తీసుకుని మోంటానా దాటి పోయాడట. వాళ్ళు పోయిన మాట నిజమే, కారణం మాత్రం అది కాదు. హార్లన్‌ను ఎదురుగా నిలబెట్టి అడిగిందాన్ని నేనే కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హార్లన్ ఇల్లు కాలువకు అవతల, మాది ఇవతల. అతను మాట తక్కువ మనిషి. తండ్రి పోయాక పైకాలువ నీరు అతని అక్క, అంటే డ్వేన్ పెళ్ళాం, జోయ్స్ వాటాకు పోయింది. ఆ ఏటి నుంచీ డ్వేన్ గడ్డి పచ్చగా ఉండేది, హార్లన్ గడ్డి జులైకే ఎండిపోయేది. హార్లన్ రోజూ వచ్చి కంచె దగ్గర నిలబడి చూసేవాడు, అంతే.

ఆ శరదృతువులో, మంచు కలిసిన వానలో, బావా బావమరుదులు వేటకు కొండెక్కారు. దిగి వచ్చేసరికి వేటలో ఒకరినొకరు కాల్చుకోకుండా దూరానికి కనబడాలని పెట్టుకునే డ్వేన్ నారింజ రంగు టోపీకి చెవి పక్కన చిల్లు పడి ఉంది. పొదలో ఎల్క్ దుప్పి కదిలితే కాల్చాననీ, గుండు పక్కకు పోయిందనీ హార్లన్ చెప్పాడు. అందరికంటే ముందు డ్వేనే నమ్మాడు. కిరాణా కొట్లో కాఫీ బల్ల దగ్గర ఆ చిల్లులో వేలు పెట్టి తిప్పుతూ నవ్వేవాడు.

"మావాడు తూటాలు నింపడం మా ఆవిడ సూపు చేసినట్టే. ఉప్పెంత పడిందో నోట్లో పెట్టుకుంటే గానీ తెలీదు!"

"అయితే వచ్చేసారి నువ్వు వెళ్ళవా?" అన్నాను.

"ఎందుకెళ్ళనూ? వాడు ముందు, నేను వెనక."

హార్లన్ కప్పులోంచి తలెత్తలేదు. "కాదు, నువ్వే ముందు" అన్నాడు. బల్లంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

మంచు కరిగిన దగ్గర్నుంచి అతని షెడ్డు వెనక తుపాకీ మోత మొదలైంది. ఏం చేస్తున్నాడో చూడకపోతే నాకు అన్నం సయించదు. రూబార్బ్ కాడలతో తియ్యటి రొట్టె ఒకటి చేసి పట్టుకెళ్ళాను. బల్ల మీద ఇత్తడి తొడుగులు వరసగా నిలబెట్టి, చిన్న త్రాసులో తుపాకీ మందు తూచి పోస్తున్నాడు.

"ఇంకా దొరకలేదా నీ దొంగ?"

"లేదాంటీ. మందు తగ్గించి చూశాను, పెంచి చూశాను. గుండును లోపలికి దించి చూశాను, పైకి లేపి చూశాను. తొడుగులు కూడా మార్చేశాను."

"అన్నీ ఒకేసారి మార్చి పారెయ్యరాదూ?"

"అప్పుడు తప్పు దేనిదో ఎలా తెలుస్తుంది? ఒకసారికి ఒకటే మార్చాలి."

ఏది మార్చినా కాగితం మీద చిల్లులు దగ్గర దగ్గరగానే పడుతున్నాయి. అదే అతని బాధ. బాగా కాలుతున్నందుకు బాధపడే మనిషిని అప్పుడే చూశాను. ఇంకోటి కూడా గమనించాను. కాగితం ఎప్పుడూ ఒకే దూరంలో కట్టేవాడు.

"ఇంతే దూరం ఎందుకు?" అన్నాను.

"ఆ రోజు ఇంతే దూరం."

ఆగస్టులో ముసురు పట్టింది. తుపాకీని చూరు కింద పెట్టకుండా రోజంతా వానలో వదిలేసి, తడిసిందాన్నే తీసి కాల్చాడు. గుండు బెత్తెడు ఎడమకు పోయింది. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ ఎడమకే.

"వాన పడితే మా అల్మారా తలుపూ ఇంతే. చెక్క ఉబ్బి ఒక పట్టాన రాదు" అన్నాను, ఊరికే నోటికొచ్చి.

హార్లన్ నా వంక అదోలా చూశాడు. జేబులోంచి డాలరు నోటు తీసి తుపాకీ గొట్టానికీ, కింది చెక్కకూ మధ్య దూర్చాడు. పొడిగా ఉన్నప్పుడు సులువుగా జారే నోటు సగంలో ఇరుక్కుపోయింది. తడికి ఉబ్బిన చెక్క గొట్టాన్ని పక్కకు నెడుతోంది. ఆ సాయంత్రమే చెక్కను గీకి, నూనె పట్టించాడు. తర్వాతి వానలో మూడు గుళ్ళూ ఒకదాన్నొకటి తాకుతూ పడ్డాయి. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ ఏడాదంతటికీ అతను నవ్వగా చూసింది అప్పుడే.

వేటకాలం ఇంకో నెల ఉందనగా జోయ్స్ మా ఇంటికి వచ్చింది. డ్వేన్ ఈసారి కూడా హార్లన్‌తోనే వెళ్తానంటున్నాడట.

"ఏం భయం లేదు కదా ఆంటీ? వాడి తూటాలు ఇప్పుడు బాగయ్యాయి కదా?"

బాగయ్యాయనే చెప్పబోయాను. ఎప్పుడూ ఒకే దూరంలో కట్టిన ఆ కాగితం గుర్తొచ్చింది. ఆమెను వంటింట్లోనే కూర్చోబెట్టి కాలువ దాటాను. హార్లన్ షెడ్డులో తూటాలు పెట్టెలో సర్దుతున్నాడు.

"హార్లన్, నిన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును, నాకు అబద్ధం చెప్పకు. ఆ రోజు పొదలో దుప్పిని నిజంగా చూశావా?"

అతను పెట్టె మూత వేసి, నెమ్మదిగా గొళ్ళెం పెట్టాడు.

"దుప్పి ఎక్కడిదాంటీ? గురి టోపీ మీదే పెట్టాను. ఎందుకు తప్పిందో తెలియక ఇన్నాళ్ళూ తల బద్దలు కొట్టుకున్నాను. మీ అల్మారా తలుపు మాట మీరు అనకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు."