అద్దం మీద నిలబడని గుండు

మా వదిన వెర్నా ఎవర్నీ ఓ పట్టాన నమ్మేది కాదు. పాస్టరు పావుగంటలో ప్రార్థన ముగిస్తానంటే గోడ గడియారం వంక చూసేది. కొట్లో పిండి కొంటే ఇంటికి తెచ్చి మళ్ళీ తూకం వేసేది. నేను కోడిగుడ్లు ఇస్తే, సొంత ఆడపడుచునని కూడా చూడకుండా, ఒక్కోటీ నీళ్ళలో వేసి మునిగిందో తేలిందో చూసేది. నాకు ఒళ్ళు మండేది. "నీ మొగుడి చెల్లెల్ని వదినా, నీకు కుళ్ళిన గుడ్లు పెడతానా?" అంటే, "నిన్ను అనలేదే లెనోర్, నీ కోళ్ళని అంటున్నా" అనేది.

అయితే ఆవిడ పుట్టుకతోనే ఇలాంటి మనిషి కాదు. పెళ్ళయి మా లోయకి వచ్చిన కొత్తలో ఇంటికి తాళం కూడా వేసేది కాదు. అనుమానం పందొమ్మిదివందల అరవై ఒకటిలో, అన్నయ్య ఐవర్ చేతికి దెబ్బ తగిలిన రోజున పట్టుకుంది.

అన్నయ్యది లివర్ లాగి కాల్చే పాతకాలపు రైఫిలు. తూటాలు గొట్టం కింద ఉన్న ఇంకో సన్నటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా అడుగుకి ఆనుకుని ఉంటుంది. దెబ్బ తగిలితే అంటుకునే మందు టోపీ ఉండేది సరిగ్గా ఆ అడుగునే. అందుకే తూటా కొసన బిగించే సీసపు గుండు ముక్కు చదునుగా ఉండాలి, మొనదేలితే లోపల మేకు పెట్టుకున్నట్టే. ఇది మా లోయలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కానీ ఆ ఏడు సీసం అయిపోయి, అన్నయ్య పక్కింటి ఎమెట్ డ్రిస్కల్ దగ్గర పిడికెడు గుళ్ళు పుచ్చుకున్నాడు. ఎమెట్‌ది ఒక్క తూటా పట్టే తుపాకీ. అతని అచ్చులో పోసిన గుళ్ళకి ముక్కు మొనదేలి ఉంటుంది. అడిగినవాడు చూడలేదు, ఇచ్చినవాడు చెప్పలేదు. ఒక్కసారి కాల్చిన అదురుకి గొట్టంలోదీ పేలింది. అన్నయ్య ఎడం చేతికి రెండు వేళ్ళు పోయాయి.

అప్పట్నుంచి గుళ్ళు పోయడం మా వదిన పని. షెడ్డులో పొయ్యి మీద సీసం కరిగించి, అచ్చులో పోసి, చల్లారాక ఒక్కో గుండునీ తలకిందులుగా, ముక్కు మీద, పాత కిటికీ అద్దం పైన నిలబెట్టేది. నిలబడితే డబ్బాలోకి, పడితే మళ్ళీ కుండలోకి. తర్వాత చేతి మెషిన్లో పెట్టి, పైనుంచి ఇనప కడ్డీతో నొక్కి గ్రీజు పట్టించేది. ఊళ్ళో మగాళ్ళు నవ్వుకున్నారు కానీ, రెండేళ్ళు తిరిగేసరికి గుళ్ళ కోసం జింక మాంసం పట్టుకుని ఆవిడ గుమ్మంలోనే నిలబడ్డారు. ఎమెట్ మాత్రం అప్పటినుంచి ఒక్క గుండు కూడా ఎవరికీ ఇవ్వలేదు. అయినా ఆవిడ అనుమానమంతా అతనిమీదే.

పదిహేడేళ్ళు అలా గడిచాయి. వేట మొదలయ్యే ఆదివారం పొద్దున్నే నేను ఆలుగడ్డ రొట్టెలు తీసుకుని వెళ్ళాను. అన్నయ్య అప్పటికే గుర్రం మీద కొండ ఎక్కేశాడు. వదిన షెడ్డులో బల్ల తుడుస్తోంది. అన్నయ్య తూటాలకి బిగించుకోగా మిగిలిన నాలుగు గుళ్ళు కిటికీ గట్టు మీద ఉన్నాయి. చేతి అలవాటు కొద్దీ ఒకటి తీసి అద్దం మీద పెట్టింది. పడిపోయింది. రెండోదీ పడింది. మూడోదీ నిలబడలేదు.

"లెనోర్! గురువారం ఎమెట్ వచ్చాడు."

"ఎందుకు వచ్చాడు?"

"గరిట అరువడగడానికంట! నాకప్పుడే అనిపించింది. నేను లోపలికెళ్ళి వచ్చేసరికి బల్ల దగ్గరే నిలబడున్నాడు. మార్చేశాడే, మంచివి తీసి తన దిక్కుమాలినవి పెట్టేశాడు!"

నాకూ నిజమే అనిపించింది, అబద్ధమెందుకు! అనుమానం అంటుజబ్బు లాంటిది. ఇద్దరం చేను దాటి ఎమెట్ ఇంటికి పరిగెత్తాం. తుంటి నొప్పితో ఆ ఏడు అతను వేటకి పోలేదు. అరుగు మీద కాఫీ తాగుతున్నాడు.

"మిగిలిన మూడు వేళ్ళు కూడా కావాలా నీకు?" అంది వదిన, గుళ్ళు అతని కాఫీ పక్కన విసిరి.

ఎమెట్ కప్పు కింద పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక గుండుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇది నీ అచ్చే వెర్నా. ఒంటి మీద గీత చూడు, నీ అచ్చుకున్న గాటే ఇది. ముక్కు మాత్రం ఎవరో నొక్కేశారు."

"ఎవరో అంటావేం, పేరు చెప్పు."

"చెప్తాగానీ, అద్దం మీద ఎప్పుడు నిలబెడతావు? గ్రీజు పట్టించకముందా, తర్వాతా?"

"ముందే. ఎప్పుడూ ముందే."

"మెషిన్లో ఇప్పుడు ఏ కడ్డీ ఉంది? చదునుదా, గుంటదా?"

అప్పుడు గుర్తొచ్చింది వదినకి. వేసవిలో పిస్తోలు కోసం గుండ్రటి గుళ్ళు పోసింది. వాటి ముక్కు చెడకుండా కొస గుంటగా ఉన్న కడ్డీ బిగించింది. మార్చడం మర్చిపోయింది. పైగా ఈసారి పోసింది పాత నీటిగొట్టాల మెత్త సీసం, నొక్కితే ఇట్టే వంగుతుంది. అచ్చులోంచి చదునుగా వచ్చి, అద్దం మీద ఠీవిగా నిలబడిన గుళ్ళే, ఆవిడ చేతి కిందే మూతి గుండ్రంగా ముడుచుకున్నాయి. ఊరంతటినీ అనుమానించింది కానీ ఆ ఒక్క కడ్డీని అనుమానించలేదు.

ఎమెట్ అప్పటికే లేచి తాళంచెవులు వెతుకుతున్నాడు. "ఎక్కండి! ఎటు వెళ్ళాడు?"

ట్రక్కులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కిటికీ అద్దాలు దించి చెవులు రిక్కించాం. సగం దారిలో ఉండగా పైనుంచి ఒక్క తుపాకీ చప్పుడు వినిపించింది. ఎమెట్ బ్రేకు వేశాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది, ఆ గోళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి. రెండో చప్పుడు రాలేదు. రాకపోతే మంచిదో చెడ్డదో మాకు తెలీలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

దారి ఆగినచోట దిగి, కుంటుతున్న ఎమెట్‌ని వెనకే వదిలి ఎక్కాం. చెట్ల మధ్య అన్నయ్య జింక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. మూడు వేళ్ళూ ఉన్నాయి.

"ఏంటి ఊరంతా వచ్చారు?" అన్నాడు.

వదిన తుపాకీ లాక్కుని, లివర్ ఆడించి ఖాళీ చేయబోయింది. అందులో కాల్చిన తూటా డొల్ల తప్ప ఏమీ లేదు. గొట్టం ఖాళీ.

"మిగతావేవి?"

"జేబులో."

"జేబులో ఏంటి?"

అన్నయ్య నేల చూపులు చూశాడు. "నేను ఒక్కటే వేస్తా వెర్నా. అది పేలాక ఇంకోటి. ఆ రోజు నుంచీ అంతే."

"పదిహేడేళ్ళుగానా?" అంది వదిన. "ఒక్కోటీ అద్దం మీద నిలబెట్టి ఇచ్చాను కదా. నావి కూడా నమ్మలేదా?"

"ఎవరివీ నమ్మలేదు."

"మరి చెప్పవేం? నా చేత అంత పని ఎందుకు చేయించావు?"

"ఆ దెబ్బ తగిలాక వారాల తరబడి నువ్వు కన్ను మూయలేదు. గుళ్ళు నిలబెట్టడం మొదలెట్టిన రోజు తెల్లారేదాకా పడుకున్నావు. ఇంకేం చెప్పను?"

అప్పటికి ఎమెట్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. అన్నయ్యని పైనుంచి కిందిదాకా చూసి, టోపీ తీసి ఒక మొద్దు మీద కూలబడ్డాడు. వదిన అతనికి క్షమాపణ చెప్పలేదు. జింక కోశాక వెనక తొడ మొత్తం అతని ట్రక్కులో పెట్టింది. మా లోయలో ఆ ముక్క ఎవరికీ ఊరికే ఇవ్వరు.

ఇంటికెళ్ళి, అద్దాన్ని పొయ్యి పక్కనుంచి తీసి మెషిన్ అవతల పెట్టింది, ఇక నిలబెట్టి చూసేది గ్రీజు పట్టించాకే. మరుసటి ఏడు మొదటి ఆదివారం తనూ కొండ మొదలుదాకా వచ్చింది, నేనూ ఉన్నాను. అన్నయ్య గొట్టంలో ఒక తూటా వేశాడు. వదిన చూస్తూ నిలబడింది. ఆయన చాలాసేపు ఆవిడ మొహం చూసి, జేబులోంచి ఇంకోటి తీసి, దాని వెనకే నెమ్మదిగా తోశాడు.

మూడోది ఆవిడ అడగలేదు.