ఎదురు తాడు

మా అత్తమ్మ పోయిందని, ఆమె దగ్గర పనిచేసే మల్లేశన్న ఫోన్ చేసిన పొద్దున నేను ఏడవలేదు. ఘట్‌కేసర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఉప్పల్ వచ్చేదాకా బయటికి చూస్తూనే ఉన్నాను. నేనెందుకు ఏడవలేదో మా ఇంట్లోవాళ్ళు వాళ్ళకు వాళ్ళే తేల్చేసుకున్నారు. బావ నన్ను కాదని వేరే పిల్లను చేసుకున్నాడు కదా, ఆ కోపమట. కొడుకు మీది కోపం కన్నతల్లి చావు మీద చూపిస్తున్నానట. దవాఖానా వరండాలో మా అమ్మ పిన్నితో అంటుంటే నా చెవులతో విన్నాను. "మనసుల పెట్టుకున్నది. పైకి అనది గానీ, గట్టిగనే పెట్టుకున్నది."

నిజమే, మనసులో పెట్టుకున్నాను. కానీ అది బావ పెళ్ళి కాదు. బావ వదిలేసిన తాడు.

అత్తమ్మ మా నాన్నకు అక్క. మామ పోయాక నాచారంలో ఆయన పెట్టిన టెంట్‌హౌస్‌ను ఆమే నడిపింది. మీరెవరైనా ఉప్పల్, మల్లాపూర్ వైపు ఏ పెళ్ళికో, బారసాలకో వచ్చి ఉంటే, ఎర్రా పచ్చా చారల పాత బట్ట కింద కూర్చుని భోంచేసే ఉంటారు. అది మా అత్తమ్మ టెంటే. "ఆడమనిషివి, గుంజలెట్ల లేపుతవమ్మా?" అని మొదట్లో గిరాకీకి వచ్చినవాళ్ళు అడిగేవారట. "గుంజ లేపుడు నాకు రాదు బిడ్డా. లేపెటోళ్ళను పట్టుడు వస్తది" అనేదట.

పట్టడానికి ఆమెకో పద్ధతి ఉండేది. పనికోసం వచ్చిన కొత్తవాణ్ణి టెంటు వేసేటప్పుడు ఎన్నడూ పిలిచేది కాదు. పెళ్ళి అయిపోయిన మర్నాడు, విప్పడానికి రమ్మనేది. బోర్లించిన గంగాళం మీద కూర్చుని, సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ చూసేది. "కట్టేటప్పుడు అందరు మంచోళ్ళే. పెండ్లోళ్ళు సూస్తుంటరు, బువ్వ గూడ దొరుకుతది. విప్పేటప్పుడు ఎవడు సూడడు. గప్పుడు సూడాలె మనిషిని." ఎంగిలాకుల మధ్య తడిసిన తాళ్ళను విసుక్కోకుండా చుట్ట చుట్టినవాడికి రెండోసారి కబురు వెళ్ళేది.

అది సగం పరీక్షే. మిగతా సగం ఆమె చేతిలో ఉండేది కాదు. పెద్ద గుంజ లేపేటప్పుడు రెండు వైపులా తాళ్ళు పట్టుకుని లాగుతారు. మేకులు దిగేదాకా గుంజకు ఆధారం ఆ తాళ్ళే. ఇటువాడు వదిలితే గుంజ అటువాడి మీదికి పోతుంది. అందుకని కొత్తవాణ్ణి ఉంచుకోవాలా వద్దా అన్నది, వాడికి ఎదురు తాడు పట్టినవాళ్ళే చెప్పాలి. అత్తమ్మ వాళ్ళను పక్కకు పిలిచి ఒకే మాట అడిగేది: "చెప్పు." వాళ్ళు ఊ అంటే ఊ, వద్దంటే వద్దు. ఎందుకని అడిగేది కాదు. ఎవరు వద్దన్నారో ఎవరికీ చెప్పేదీ కాదు. "నేనే వద్దన్న" అనేది. చెప్తే రేపటినుంచి ఎవరూ నిజం చెప్పరని ఆమె లెక్క.

ఈ లెక్క ఎంత గట్టిదో తెలంగాణ ఉద్యమం రోజుల్లో చూశాను. బంద్‌లకు పెళ్ళిళ్ళు వాయిదా పడేవి, గిరాకీ లేక టెంట్‌హౌస్‌లవాళ్ళ మనుషులు తలా ఒక దిక్కు పోయారు. అత్తమ్మ మనుషులు కూడా మల్లాపూర్ ఫ్యాక్టరీలకు పోయారు. కానీ ఒక్క చిన్న పని దొరికినా, షిఫ్టు మార్పించుకుని మరీ వచ్చేవారు. వాళ్ళకు నమ్మకం ఆమె ఒక్కదాని మీదే కాదు, ఎదురు తాడు మీద. రాష్ట్రం వచ్చిన సంబురాలకు గల్లీ గల్లీకి టెంట్లు కావలసివచ్చాయి. కొత్త బట్టలు కొన్నవాళ్ళ దగ్గర లేపే దిక్కు లేదు. మా గోదాములో మనుషులు అత్తమ్మ కంటే ముందే వచ్చి కూర్చున్నారు. అప్పటికే జబ్బుతో చిక్కి సగమైన అత్తమ్మ, ఆటోలో కూర్చుని ప్రతి టెంటూ చూసొచ్చింది. "సూసినవా? మంచి మనుషులుంటే పాత బట్ట గూడ నిలవడ్తది" అని నా చెయ్యి గిల్లింది.

ఇక బావ.

మా బావ చెడ్డవాడు కాదు. నా డిగ్రీ పరీక్షలకు రోజూ స్కూటర్ మీద దింపి, నేను బయటికి వచ్చేదాకా గేటు దగ్గర పల్లీలు తింటూ నిలబడినవాడు. చదువైపోయాక టెంట్‌హౌస్ తనదే అనుకున్నాడు, అందులో తప్పేముంది? ఉత్సాహంగా వచ్చాడు. వస్తూ వస్తూ ఒక విజిల్ కొనుక్కొచ్చి మెడలో వేసుకున్నాడు. ఒకసారి ఊదితే లాగాలి, రెండుసార్లు ఊదితే ఆపాలి అని అందరికీ పాఠం చెప్పాడు. మల్లేశన్న తలపాగ సర్దుకుంటూ, "గిది టెంటా, ఇస్కూలా బాబూ? మధ్యాన్నం బువ్వకు గంట గూడ కొడ్తవా?" అంటే అందరితో పాటు బావా నవ్వాడు.

అది ఎండాకాలం, ఉప్పల్‌లో పెళ్ళి. ఇద్దరు మనుషులు తక్కువపడ్డారు. సెలవులకని ఊరికే వెంటవచ్చిన నన్ను అత్తమ్మ చూసి, "ఊకె నిలవడ్డవేంది? తాడు పట్టు" అంది. చున్నీ నడుముకు కట్టుకుని పట్టాను. ఎదురుగా బావ. గుంజ సగం లేచింది. అప్పుడు దుమ్ము లేపుకుంటూ గాలి వచ్చింది. బట్ట ఒక్కసారిగా ఉబ్బింది.

బావ తాడు వదిలేశాడు. భయపడి కాదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. పరుగెత్తుకుంటూ మధ్యలోకి వచ్చి, చేతులెత్తి, "పట్టుకోండ్రి! అందరు గట్టిగ పట్టుకోండ్రి!" అని అరుస్తూ విజిల్ ఊదాడు. అందరినీ కాపాడాలనే అనుకున్నాడు. తన చేతిలో ఉన్న తాడు ఒక్కటే మరిచిపోయాడు. గుంజ నా వైపు తిరిగింది. మల్లేశన్న ఎక్కడినుంచి దూకాడో, ఆ తాడు కొస దొరకబుచ్చుకుని నేల మీద కూలబడి ఆపాడు. అరచేతుల తోలు లేచిపోయింది.

సాయంత్రం గోదాములో అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది. కొడుకు విషయం కాబట్టి అడగదనుకున్నాను. గంగాళం మీద కూర్చుంది. సాసర్ పక్కన పెట్టింది.

"చెప్పు."

"అత్తమ్మా, బావ..."

"బావ గాదు. ఎదురు తాడు. చెప్పు."

"వద్దు" అన్నాను.

తల ఊపింది. చల్లారిన చాయ్ తాగింది. మర్నాడు బావతో, "నీకిది అచ్చిరాదు బిడ్డా, నేనే వద్దంటున్న. ఇంకేదన్న సూసుకో" అంది. బావ విజిల్ తీసి గోదాము మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు. మల్కాజిగిరిలో సెల్‌ఫోన్ల దుకాణంలో కుదిరాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. పండగలకు వస్తే ప్లాస్టిక్ కుర్చీ అంచు మీద చుట్టంలా కూర్చునేవాడు.

అప్పటినుంచి చుట్టాలందరికీ అత్తమ్మ రాయి. కన్నకొడుకును కాదని పరాయివాళ్ళను సాకుతున్న మనిషి. మా నాన్నే ఒకసారి మొహం మీద అనేశాడు: "నీకు పేగు లేదక్కా." నేను అదే గదిలో ఉన్నాను. అన్నం కలుపుతున్నాను. నేను నిజం చెప్పాను, శిక్ష ఆమె అనుభవించింది. ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు... లెక్కపెట్టడం మానేశాను. మూడు ఉద్యోగాలు మారాను. కాలు నిలవని పిల్ల అంటారు మా అమ్మ తరఫువాళ్ళు. ఎక్కడ చేరినా సెలవు దొరికితే గోదాముకే వచ్చేదాన్ని.

దవాఖానాలో చివరి వారం బావ రోజూ వచ్చాడు. చెంచాతో నీళ్ళు పట్టాడు. అతను మందులకు కిందికి వెళ్ళినప్పుడు అత్తమ్మ నన్ను అడిగేది, "వాడు తిన్నడా?" నేరుగా అతన్ని అడగడానికి ఎందుకో మొహమాటం. నేను ఊరుకోలేకపోయాను.

"అత్తమ్మా, బావకు చెప్పేస్తా. వద్దన్నది నేనని."

"ఎందుకు? నీ మనసు తేలికైతదనా?"

దుప్పటి ఆమె కాళ్ళ మీదికి లాగాను.

"నేనుండంగ భారం నాది" అంది కళ్ళు మూసుకుని. "నేను పోయినంక నీ మాట నీది. ఇంకొకళ్ళ మాట మాత్రం ఎన్నడు చెప్పకు."

ఆషాఢంలో పోయింది. పెళ్ళిళ్ళు లేవు కాబట్టి గుంజలన్నీ గోదాములోనే ఉన్నాయి. "ఖాళీ సూసుకొనే పోయింది మా అమ్మ" అన్నాడు మల్లేశన్న, ముక్కు తుడుచుకుంటూ.

దినాల నాడు ఆమె టెంటే ఆమె ఇంటి ముందు వేశారు. బావ వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఒక తాడు పట్టాడు. మేకులు దిగేదాకా వదల్లేదు. నేను చూశాను. ఆ పొద్దున గాలి లేదు.

భోజనాలయ్యాక నాన్న టెంట్‌హౌస్ సంగతి అందరిముందూ తేల్చేయబోయాడు. "మా అక్క ఏమన్న అననీ, కొడుకు కొడుకే. వాడు ముందట ఉంటడు, చదువుకున్నది కాబట్టి నా బిడ్డ వెనక సూసుకుంటది. ఏమంటవ్ మల్లేశూ?"

"అమ్మ ఉన్నప్పుడే నన్ను అడిగింది పటేలా, అమ్మాయి సంగతి. ఊ అన్న" అన్నాడు మల్లేశన్న. "బాబు సంగతి నన్నడుగొద్దు. ఎదురు తాడు నేను పట్టలే."

అందరూ అతని చూపు వెంట నా వైపు తిరిగారు.

"నేను పట్టిన. వద్దన్నది నేను. అత్తమ్మ కాదు" అన్నాను.

మా అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కోపమంటే ఇదేనని ఆమె మళ్ళీ అనుకుని ఉంటుంది, అనుకోనీ. నాన్న తల వంచుకున్నాడు. "పేగు లేదక్కా" అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. బావ మాత్రం నన్ను కాదు, కదలకుండా నిలబడ్డ బట్టను చూశాడు.

"అమ్మ ఎన్నడు చెప్పలే."

"చెప్పదు బావా."

"గన్నేండ్లు నేను అమ్మతోని సరిగ్గ మాట్లాడలే..."

ఆ వాక్యం నాతోనే ఉంటుంది. ఎక్కడికి పోయినా ఉంటుంది.

అప్పట్లో పరీక్ష ఎట్లా రాశావని గేటు దగ్గర అడిగినంత మెల్లగా అడిగాడు. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ గదే."

శ్రావణం వచ్చింది. ఘట్‌కేసర్ ఉద్యోగం మానేశాను. గంగాళం బోర్లించే ఉంది, దాని మీద ఇంకా ఎవరూ కూర్చోలేదు. పక్కన మేకుకు విజిల్ అలాగే వేలాడుతోంది, దాని తాడు మీద దుమ్ము పేరుకుంది. రేపు ఉప్పల్‌లో పెళ్ళి. నాకు ఎదురు తాడు మల్లేశన్న పట్టుకుంటాడు. బావను పిలవలేదు. పిలవను.