వీపులు చదివిన జాయ్సీ

తాడేపల్లిగూడెంలో జాయ్సీ చర్చికి వెళ్తే కూర్చునేది ఆఖరి బెంచీలోనే. భక్తి తక్కువై కాదు. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనానికి ఆడవాళ్లందరూ తెల్లచీరలే కడతారు. చీరలో ఎంచుకోవడానికేమీ లేకపోతే సరదా అంతా జాకెట్టులోకి చేరుతుంది. ఆ సరదా ఎటు పోతోందో తెలియాలంటే వెనక కూర్చోవాలి.

ప్రసంగం ముగిసేలోగా మెడ కోతలు, ముడులు, చేతుల పొడవు చదివేసి, వచ్చే పండక్కి ఊరు ఏం తొడుక్కుంటుందో చెప్పేసేది. ఒకసారి మూడు వరసల అవతలి వీపు చూసి, ఆ జాకెట్టు కుట్టిన మనిషికి ఎడమకన్ను మసకేసిందని కనిపెట్టిందట. కుట్టింది జాయ్సీ వాళ్లమ్మ, ఇంట్లో మిషను కుట్టే మణెమ్మే కాబట్టి అదేమంత గొప్ప కాదనుకోండి.

ఏలూరులో ఈశ్వరప్రసాద్ గారి బట్టల కొట్లో చీరలు విప్పి చూపించి మళ్లీ మడత పెట్టడం ఆమె ఉద్యోగం. ఆమెకు కావలసింది మాత్రం సూరత్ వెళ్లి సరుకు ఎంచే పని. అది యజమాని చేతిలో ఉండేది. ఆయనేమో బొంబాయి ఏజెంటు ఎలా చెబితే అలా.

2007లో వానలు వెనకబట్టే వేళకు ఆ ఏజెంటు చేతుల్లేని చుడీదార్ల బొమ్మలు తెచ్చాడు.

"క్రిస్మస్‌కి ఇవేనమ్మా," అన్నారు ఈశ్వరప్రసాద్.

"వద్దండీ. ఈసారి చేతులు మోచేతి దాకా దిగుతాయండి. జాకెట్లకి అప్పుడే దిగిపోయాయి."

"బొంబాయి వాళ్లకి తెలీనిది మీ తాడేపల్లిగూడెంలో తెలిసిందా?"

"బొంబాయి వాళ్లు మా చర్చికి రారు కదండీ!"

ఆయన పకపకా నవ్వారు. "సరే, నువ్వన్నవే తెప్పిస్తాను. అమ్ముడైతే సూరత్ నువ్వే వెళ్దువుగాని. మిగిలిపోతే ఈ మాట మళ్లీ ఎత్తకూడదు."

"ఎత్తనండి. ఎత్తే అవసరం రాదు."

సరుకు దిగింది. జాయ్సీ ఇంటికొచ్చి గొప్పగా చెబితే మణెమ్మ మిషను ఆపేసింది.

"ఫ్యాషనేంటే పిచ్చిమొహమా! మన ఎజ్రా పాస్టరుగారు పొట్టి చేతుల్ని దుమ్మెత్తిపోశారు కదా. అప్పట్నుంచి అందరికీ పొడుగు చేతులు కుట్టలేక చస్తన్నాను. నువ్వూ ఉన్నావుగా, వినలేదా?"

ఎలా వింటుంది? ఆ సేపంతా వీపులు చూస్తోంది.

ఒక్క చర్చి గోడల మధ్య పుట్టిన పొడుగు చేతుల్ని నమ్ముకుని కొట్టు నింపేసింది. మరొకరైతే వెళ్లి యజమాని కాళ్ల మీద పడేవారు. ఆమె మాత్రం, బొంబాయిలోనూ ఎవరో ఒకరు చెబితేనే కదా మిగతావాళ్లు తొడుక్కునేది అనుకుని, తెల్లారగానే పాస్టరుగారి గుమ్మంలో నిలబడింది.

"అయ్యగారూ, ఆ చేతుల ప్రసంగం ఇంకెక్కడ చేస్తారండీ?"

ఆయన మురిసిపోయారు. "పెంటపాడులో, ఉంగుటూరులో, కొల్లేటి లంకల్లో ప్రార్థన కూటాలున్నాయమ్మా. వస్తావా?"

"మీ వెనకే వస్తానండి."

వెనకే వెళ్లింది, కొట్లో సరుకు మూటలు కట్టి ఆటోలో వేసుకుని. లంకల్లో ఆయన గొంతుకు గూడకొంగలు సైతం సిగ్గుపడి రెక్కలు ముడుచుకున్నాయట. మర్నాడు అక్కడ మూట విప్పితే చివరికి గుడ్డముక్క మిగల్లేదు.

సంగతి తెలిసి పాస్టరుగారు ఉగ్రుడయ్యారు. "దేవుడి మాటతో వ్యాపారమా?"

"చేతులు దించమన్నది మీరు. దించడానికి గుడ్డ కావద్దాండీ?"

ఉంగుటూరులో మాత్రం జాయ్సీ ఊహించనిది జరిగింది. ప్రసన్న అని ఒక రైతు బిడ్డ, తిరునాళ్లకే తప్ప ఏ కూటానికీ వెళ్లని పిల్ల, వచ్చి ఆ పొడుగు చేతులవే అడిగింది. కాలేజీలో స్నేహితురాళ్లంతా అవే తొడుక్కుంటున్నారట. ఆ వెనక ఇంకో పిల్ల, ఆ పిల్ల వెనక వాళ్ల వదిన. పండక్కి ముందే సరుకు అయిపోయింది.

"ఇది ఫ్యాషన్ కాదమ్మా, ప్రసంగం," అన్నారు సంగతంతా విన్న ఈశ్వరప్రసాద్, ఓడిపోవడం ఇష్టంలేక.

"మరి ప్రసన్న ఏ ప్రసంగం విందండీ?"

ఆయన దిగొచ్చారు. "సరే, సూరత్ వెళ్లు. కానీ ఏజెంటు నీతో వస్తాడు. అతను చెప్పినట్టు ఎంచు."

"రమ్మనండి. మూటలు మోస్తాడు."

ఏజెంటు వచ్చాడు. మోశాడు కూడా.