కడబంతిలో మా ప్రెసిడెంటక్క

మా ప్రెసిడెంటక్క ఇక లేదు. సోమవారం పొద్దున హాస్టల్ గ్రూపులో మెసేజ్ చూసి, ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఒంగోలు బైపాస్‌లో లారీ ఆమె స్కూటీని గుద్దిందట. ఆదివారమేగా నాకు ఫోన్ చేసి, "ఏమే ప్రెసిడెంటూ, గోంగూరలో నూనె తగ్గిందంటగా? నిద్రపోతున్నావా?" అని చెడామడా వాయించింది! నిన్న తిట్టిన మనిషి ఇవాళ లేకపోవడమేమిటండీ?

మా యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ కమిటీకి పోయినేడాది ఆమే ప్రెసిడెంటు. చదువైపోయి వెళ్తూ ఆ పని నాకంటగట్టింది. ఆమె రాకముందు కమిటీవాళ్ళంటే మెస్‌లో మొదటి బంతి. ముద్దపప్పు, వేపుడు వాళ్ళకి. ల్యాబుల నుంచి ఆలస్యంగా వచ్చే మాబోటివాళ్ళకి అడుగంటిన అన్నం, చారునీళ్ళు. మొదటి మీటింగులోనే అక్క బల్ల గుద్దింది.

"ఇవాళ్టి నుంచి కమిటీ కడబంతిలో తింటుంది."

"మాడి చస్తామే," అన్నారు మిగతావాళ్ళు.

"మాడితేనేగా వార్డెన్ గారి దగ్గరికి పరిగెత్తేది!"

నిజంగానే కొన్నాళ్ళు కమిటీ పచ్చడి మెతుకులు తింది. తర్వాత వాళ్ళే వెళ్ళి వార్డెన్ గారి గది ముందు బైఠాయించారు. మెస్ కాంట్రాక్టరు దారికొచ్చాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారుగా, ఆ సామెత వింటే అక్కకి ఒళ్ళు మంట. "మనవాడెందుకే? ఎవడు వడ్డించినా కడబంతికి అందాలి," అనేది.

మిరప పండించే ఇంటి పిల్ల. సెలవలకి ఊరెళ్ళి కోతల్లో పనిచేసి, సంచిలో కొత్త కారం వేసుకుని వచ్చేది. గదిలో దాచుకోకుండా తెచ్చి మెస్ బల్ల మీద పెట్టేది. కడబంతిలో కూర్చుని వేడన్నంలో ఆ కారం, నెయ్యి కలుపుకుని ముక్కు చీదుకుంటూ తినేది. మధ్యలో తలెత్తి, "ఇంకెవరన్నా రావాలా?" అనేది. రోజూ అదే ప్రశ్న. మాకు విసుగొచ్చేది.

ఆ సోమవారం మధ్యాహ్నం మెస్ గంట కొట్టారు. ఒక్క పిల్లా కదల్లేదు. తినమని చెప్పాల్సినదాన్ని నేనే. గదిగదికీ వెళ్ళాను, తలుపు తట్టకుండానే వెనక్కొచ్చాను. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువొచ్చింది, ఇంత పని చేస్తుందా అని. చివరికి కడబంతి వేళకి ఒక్కదాన్నే వెళ్ళి మెస్‌లో కూర్చున్నాను.

వంట పిన్ని గరిటె పట్టుకుని గుమ్మం వైపు చూసింది. "ఇంకెవరన్నా రావాలా అమ్మా?" అంది.

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె మూత తీసింది. గుండిగ నిండా అన్నం, గరిటె పెట్టిన గుర్తు కూడా లేకుండా.