‘ఇడువు’ అంటే ఆపమనా, దించమనా?

2016 ఎండాకాలం. కోరుట్లలో నా వర్క్‌షాప్ తెరిచే ఉండేది గానీ పని మాత్రం ఉండేది కాదు. నేను చేసేది ట్రాక్టర్ల హైడ్రాలిక్ పని, అంటే ఆయిల్ ఒత్తిడితో బరువులు ఎత్తే భాగాల మరమ్మతు. ఆ ఏడు బావులు అడుగంటి, పొలాలు బీడుపడి, ట్రాక్టర్లు ఇళ్ల ముందు ఊరికే నిలబడ్డాయి. మా వైపు జనం గల్ఫ్‌కు పోవడం ఎప్పుడూ ఉన్నదే. ఆ ఏడు మాత్రం పోయేవాళ్లు ఎంతమందో, అక్కడ కంపెనీలు మూతపడి తిరిగొచ్చేవాళ్లూ అంతమంది ఉన్నట్టు కనిపించారు.

అలా సౌదీ నుంచి తిరిగొచ్చినవాడు తిరుపతి. కొడిమ్యాల దగ్గర ఊరు. పాత మినీ ట్రాక్టర్ ఒకటి కొనుక్కుని, భార్య జమునను మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు.

“అన్నా, దీనికి బాయిల పూడిక తీసే క్రేన్ పెట్టియ్యాలె. ఊరూర బాయిలెండినయ్, అందరు లోతు తీపిస్తున్నరు. గీ పని నడిస్తె మల్ల సౌదీ మొఖం చూడ.”

“బాయిల ఎవరు దిగుతరు తమ్మీ?”

“నేనే.”

“మీద లివర్ ఎవరు పడుతరు?”

“నేను పడుత అన్నా,” అంది జమున.

నేను పుట్టు పిరికివాణ్ని. ఎత్తిన ట్రాలీ కింద నిలబడి బీడీ కాల్చే డ్రైవర్‌ను చూస్తేనే తిట్లు లంకించుకుంటాను. ఇక్కడ మొగుడు బావి అడుగున ఉంటాడు, రాళ్ల బొక్కెన అతని నెత్తిమీద వేలాడుతుంది, పెళ్లాం చేతిలో లివర్. చేయనని చెప్పేద్దామనుకున్నాను. నేను కాదంటే ఇంకెవరో పాత ఇనుము అతికించి ఇస్తారు. అది తలుచుకుంటే ఇంకా భయమేసి ఒప్పుకున్నాను.

చిన్న ట్రాక్టర్‌లో పంపు ఒక్కటే ఉంటుంది. నాగలిని ఎత్తే లిఫ్ట్ కోసం పెట్టింది అది. దాని నుంచి వచ్చే ఆయిల్‌ను ఇంకో దారి పట్టించి, వేరే పరికరాన్ని నడపడాన్ని మేం ఆగ్జిలరీ హైడ్రాలిక్స్ అంటాం. మధ్యలో కంట్రోల్ వాల్వ్ పెట్టి, దానికి లివర్ బిగిస్తాం. లివర్ వెనక్కి లాగితే డ్రమ్ము మీద వైరు చుట్టుకుని బొక్కెన పైకి వస్తుంది, ముందుకు తోస్తే కిందికి దిగుతుంది. చెయ్యి తీసేస్తే లోపలి స్ప్రింగు లివర్‌ను మధ్యకు తెస్తుంది, బొక్కెన ఉన్నచోటే ఆగుతుంది. బరువు మితిమీరితే ఆయిల్‌ను వెనక్కి ట్యాంకులోకి వదిలే రిలీఫ్ వాల్వ్ పెట్టాను. ఆయిల్ పోయే హోస్ పైపు పగిలినా దానంతట అదే పట్టుకునే బ్రేకు డ్రమ్ముకు పెట్టాను. అయినా నిద్ర పట్టలేదు. రోజూ బొక్కెన నిండా రాళ్లు వేసి ఎత్తడం, దించడం, బ్రేకు చూడడం, మళ్లీ ఎత్తడం. నా భార్య చూసి, “రాళ్లకు ఉయ్యాల ఊపుతున్నవా?” అని వెక్కిరించింది.

జమున చెయ్యి మెత్తన. లివర్‌ను ఎంత తోస్తే ఎంత దిగుతుందో తొందరగానే పట్టేసింది. ఆమెకు నేను ఒకటే మాట మళ్లీ మళ్లీ చెప్పాను. “చెల్లె, భయమైతె ఏం చెయ్యకు. చెయ్యి ఇడువు, అంతే. అదే ఆగుతది.” తిరుపతి పక్కనే నిలబడి విన్నాడు.

మొదటి పని వాళ్ల ఊళ్లోనే, ఒక రైతు బావిలో. నన్ను ఎవరూ రమ్మనలేదు. షాపు మూసి నేనే పోయాను. మొదట నాలుగైదు బొక్కెనలు నిమ్మళంగా వచ్చాయి. నేను కొంచెం ఊపిరి తీసుకున్నాను.

తర్వాతి బొక్కెనలో పెద్ద రాయి ఉంది. సగం దూరం వచ్చాక బొక్కెన అంచు, గోడలో పొడుచుకొచ్చిన బండకు తట్టుకుని ఒక పక్కకు ఒరిగింది. కింది నుంచి తిరుపతి కేక పెట్టాడు.

“ఇడువు! ఇడువు!”

జమున లివర్‌ను ముందుకు తోసింది. బొక్కెన బండ మీది నుంచి ఊడి కిందికి దిగసాగింది.

“చెయ్యి తియ్యి!” అని అరిచాను. తీసింది. డ్రమ్ము ఉన్నపళంగా ఆగింది. ఒరిగిన బొక్కెనలోని రాయి మాత్రం ఆగలేదు. అది జారిపోవడం నా కళ్లారా చూశాను. అడుగున బురదలో ధబ్బుమని చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

“ఏమయ్యా!” అని జమున బావి గట్టుకు పరుగెత్తింది. “ఏమయ్యా, పలుకు!”

దగ్గు వినిపించింది. “బతికే ఉన్ననే. పక్కకు పడ్డది.”

మెట్ల వెంట పైకి వచ్చాడు. ఒళ్లంతా బురద, పిక్క మీద తోలు లేచిపోయి రక్తం. వస్తూనే భార్య మీద లేచాడు. “ఇడువమంటె దించుతవేందే?”

“ఇడువమంటె దించుడే గదా! మా ఊర్ల క్రేన్లకాడ చిన్నప్పటిసంది గదే ఇన్న. కిందోళ్లు ఇడువు అంటె మీదోళ్లు బ్రేకు ఇడుస్తరు, బొక్కెన దిగుతది.”

“చెయ్యి ఇడువమని అన్న చెప్పలే?”

“నువ్వు చెయ్యి అన్లే. ఉత్త ఇడువు అన్నవ్.”

ఇద్దరూ నావైపు తిరిగారు. ఏ తీర్పు చెప్పను? ఇద్దరి మాటా నిజమే. నేను బిగించిన వాల్వు, బ్రేకు, స్ప్రింగు అన్నీ వాటి పని సక్రమంగా చేశాయి. వాటిలో దేనికీ తెలుగు రాదు.

జమున ట్రాక్టర్‌కు దూరంగా జరిగింది. “నేను పట్ట. నా చేతుల మీద పానం పోతె ఎట్ల?”

తిరుపతి గట్టు మీద కూలబడ్డాడు. “నువ్వు పట్టకుంటె ఇంకెవరు పడుతరు? మల్ల సౌదీ పోవుడే ఇగ.”

చివరికి నేనే అన్నాను, ‘ఆగు’ అంటే ఆపాలి, ‘దించు’ అంటే దించాలి, ‘ఇడువు’ అన్న మాట ఈ బావి దగ్గర ఎవరూ అనొద్దని. జమున మళ్లీ లివర్ దగ్గరికి వచ్చింది.

“సరే అన్నా. ‘ఎత్తు’ అంటె ఎత్తుత, ‘దించు’ అంటె దించుత. ఇంకేం ఇనపడ్డా చెయ్యి తీస్త. మాట సమజ్ కాకున్నా చెయ్యి తీస్త.” మొగుడి వైపు తిరిగింది. “ఇంకోటి. దించేముందు, పక్కకు ‘జరిగినవా’ అని అడుగుత. ‘జరిగిన’ అంటెనే దించుత.”

“బొక్కెన బొక్కెనకు అడిగితె పని ఎప్పుడైతది?”

“సౌదీల ఉన్నన్ని ఏండ్లు ఫోన్ల ‘మంచిగున్న’ అంటె నమ్మిన. జీతమియ్యకున్నా, జరమచ్చినా గదే చెప్పినవ్. అచ్చి చూద్దామంటె నాకు దారి లేకుండె. ఇప్పుడు నా చేతికిందనే ఉన్నవ్. నీ గొంతు ఇనకుంట దించ.”

తిరుపతి పిక్కకు తువ్వాలు కట్టుకుని మళ్లీ దిగాడు.

పొద్దుగూకేదాకా నేను అక్కడే ఉన్నాను. “జరిగినవా?” “జరిగిన.” ప్రతి బొక్కెనకూ అదే. ఒకసారి కింది నుంచి జవాబు రాలేదు. ఆమె చెయ్యి లివర్ మీదికి పోలేదు. ఖాళీ బొక్కెన గాలిలో అలాగే వేలాడింది. కొంతసేపటికి, “నీళ్లు తాగుతున్ననే, జరిగిన!” అని విసుగ్గా గొంతు వినిపించాకే ఆమె బొక్కెన దించింది.

ఆ తర్వాత ఇలాంటివి చాలా బిగించాను. భయం ఏమీ తగ్గలేదు. ఎవరు వచ్చినా మొదట అడిగేది లివర్ దగ్గర ఎవరు, బరువు కింద ఎవరు అని. ఆ ఇద్దరినీ షాపులో ఎదురెదురుగా నిలబెట్టి, ఏమని కేకేస్తారో, ఏమని జవాబిస్తారో నా ముందే అనిపిస్తాను. కొందరు నవ్వుతారు, కొందరు పని చూడమని కసురుకుంటారు. లివర్ పట్టే మనిషి అడిగి, కింది మనిషి పలికేదాకా నేను హోస్ పైపు కలపను.